బోనాలకు ముందు మడమకు సూది వేయించుకుంటున్నారా?

ఆషాఢం దగ్గర పడుతోందంటే మా బస్తీలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఈసారి బోనం ఎత్తాలి, మడమ నొప్పికి ఒక సూది వేయించుకుంటే సరి." అది విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. మా పెద్దమ్మ ఒక ఏడాది అలాగే చేశారు. స్టెరాయిడ్ సూది పడిన ఐదో రోజుకే నొప్పి మాయమైంది. చెప్పులు విడిచి, తలపై బోనంతో లాల్‌దర్వాజా వైపు నడిచారు. దారిలో అరికాల్లో ఏదో పుటుక్కున తెగినట్టయింది. సాయంత్రానికి పాదం వంపు వాచి కమిలిపోయింది. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా సాగే ప్లాంటార్ ఫేషియా అనే పట్టీ చిరిగిందన్నారు. సూది వేసిన చోట ఆమెను ఎవరూ హెచ్చరించలేదు.

స్టెరాయిడ్ నొప్పిని, వాపును త్వరగా అణచివేస్తుంది. అరిగిన పట్టీని మాత్రం అతకదు, కొందరిలో ఇంకా బలహీనపరుస్తుంది. మడమ కింద మెత్తలా ఉండే కొవ్వును కూడా పలచబరచవచ్చు. ఆ కొవ్వు తరిగితే మళ్లీ తెచ్చుకోవడం కష్టం. పైగా ఉపశమనం ఎక్కువ కాలం నిలవదు. ఒక చికిత్సపై వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష ప్రకారం నెల రోజుల వరకు నొప్పి కొద్దిగా తగ్గవచ్చు, ఆ తర్వాత తేడా కనిపించలేదు. షుగర్ ఉన్నవారికి కొన్ని రోజుల పాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది కాబట్టి ఇంట్లో గ్లూకోమీటర్ ఉండాలి.

మడమకు వేసే సూదుల్లో స్టెరాయిడ్ ఒకటైతే, రెండోది పీఆర్పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా). మన రక్తమే కొంత తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని మడమలోకి ఎక్కిస్తారు. మొదటి రోజుల్లో నొప్పి పెరగవచ్చు, మేలు నెలల మీద తెలుస్తుంది. కొన్ని పరిశోధనల్లో ఆరు నెలల తర్వాత స్టెరాయిడ్ కంటే ఇదే మెరుగనిపించింది, కొన్నింటిలో తేడా లేదు. తయారుచేసే పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉండడం దీనికి ఒక కారణం. ఖర్చు కూడా చాలా ఎక్కువ. సూదికి ముందూ తర్వాతా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఎన్నాళ్లు ఆపాలో అడగండి. రక్తం పలచబడే మందులు వాడేవారు మాత్రం వాటిని సొంతంగా ఆపకూడదు.

అసలు సూది ఏదైనా అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎక్స్‌రేలో "ఎముక పెరిగింది" అనగానే కంగారు పడనక్కర్లేదు, నొప్పి లేనివారిలోనూ అది కనిపిస్తుంది. ఎక్కువ మందికి ఏడాదిలోపు సూది లేకుండానే తగ్గిపోతుంది. పొద్దున మంచం దిగకముందే కాలి వేళ్లను చేత్తో వెనక్కి లాగి పట్టుకోవడం, గోడకు చేతులు ఆన్చి పిక్కలను సాగదీయడం, గ్రానైట్, మార్బుల్ నేలలున్న ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోవడం: వీటిని కొన్ని నెలలు పట్టుదలగా చేయండి. మడమతో పాటు నడుము కూడా పొద్దున బిగుసుకుపోయే యువకులు, పాదాలు తిమ్మిరెక్కేవారు కారణం తేలాకే సూది మాట ఎత్తాలి.

వేయించుకోక తప్పకపోతే, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తారా అని అడగండి. స్టెరాయిడ్ ఇంతకు ముందు ఎన్నిసార్లు పడిందో దాచకుండా చెప్పండి. తర్వాత కనీసం రెండు వారాలు పరుగు, మెట్లు, గంటల తరబడి నిలబడడం వద్దు. నొప్పి లేకపోయినా వద్దు. గోల్కొండలో మొదటి బోనం ఎత్తే తేదీని క్యాలెండర్‌లో చూసి, దానికి వారం ముందు సూది పెట్టించుకునే ఆలోచన మానండి. చిలుకూరులో 108 ప్రదక్షిణల మొక్కున్నా అంతే, పాదం కోలుకున్నాక తీర్చుకోండి. మా పెద్దమ్మ మరుసటి ఏడాది బోనాన్ని కోడలి చేతికిచ్చి, మెత్తటి చెప్పులతో ఆమె పక్కనే నెమ్మదిగా నడిచారు.

అరికాల్లో తెగినట్టు అనిపించినా, సూది పడిన చోట ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా పండుగ ముగిసేదాకా ఆగకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి.