వాల్డెరామాలో గాలి చూశాకే క్లబ్ తీయండి

దక్షిణ స్పెయిన్‌లోని వాల్డెరామా గోల్ఫ్ కోర్సులో ఆడబోతున్నారా? ముందు గాలి ఏదో చూసుకోండి: తూర్పు నుంచి లెవాంతే, పడమటి నుంచి పోనియెంతే. అది మారితే నిన్న సరిపోయిన క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ఇవాళ పనికిరాదు.

ఫెయిర్‌వేలు (బంతి సాగాల్సిన గడ్డి దారులు) ఇరుకు. బెండు ఓక్ చెట్ల కింద బంతి ఇరుక్కుంటే పైకి లేచేలా కొట్టకండి, కొమ్మ తగిలి అక్కడే పడుతుంది. 7 ఐరన్ అనే క్లబ్‌తో, బంతిని కాస్త వెనక పాదం వైపు ఉంచి, సగం స్వింగ్‌తో నేలబారుగా కొట్టి బయటపడితే చాలు.

17వ హోల్‌లో గ్రీన్ (జెండా, గుంట ఉండే నున్నటి గడ్డి) ముందు చెరువు. బంతి తక్కువ పడితే వాలున జారి నీళ్లలోకే. అలాగని జెండా దాటించినా గండమే: 1997లో యూరప్, అమెరికా జట్ల రైడర్ కప్ పోటీలో టైగర్ వుడ్స్ పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) కూడా అలాగే గుంట దాటి కిందికి జారి నీళ్లపాలైంది. పక్కకైనా పర్లేదు, జెండా ఎంత దూరంలో ఉందో బంతీ అంతే దూరం వెళ్లి ఆగేలా కొట్టండి.