లుక్లా నుంచి దిగే రోజే ఇంటికి టికెట్ వేయకండి

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్లే బెంగళూరు తెలుగువాళ్లకి ఒక మాట. ట్రెక్ ముగించుకుని కాఠ్మండూకి తిరిగి విమానం ఎక్కే కొండ ఊరు లుక్లా. అక్కడ విమానం ఎక్కాల్సిన రోజునే కాఠ్మండూ నుంచి ఇంటికి టికెట్ తీసుకోవద్దు. లుక్లా రన్‌వే 2,800 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది, బాగా పొట్టిది, ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. విమానాలు ఎక్కువగా పొద్దున్నే తిరుగుతాయి. ఆ కాస్త టైములో మబ్బు పట్టిందా, ఆ రోజుకి అంతే సంగతులు. మర్నాడూ అదే కథ కావచ్చు. కనీసం రెండ్రోజులు ఖాళీగా ఉంచుకోండి. సెలవులు చాలవంటారా? సోమవారం మీకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని మబ్బులకి తెలీదుగా!

సీజన్‌లో చాలా విమానాలు కాఠ్మండూ దాకా రావు, దారిలో రామేఛాప్ అనే చోట దింపేస్తాయి. అక్కణ్నుంచి కాఠ్మండూకి నాలుగైదు గంటల ఘాట్ రోడ్డు. అదీ లెక్కలో వేసుకోండి.

కాఠ్మండూ-ఢిల్లీ, ఢిల్లీ-బెంగళూరు విడివిడిగా కొంటే ఒక్కోసారి చౌకగా వస్తుంది. కానీ మొదటిది లేటైతే రెండోదాని డబ్బు గోవిందా. ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి, తేదీ మార్చుకునే వీలుంటే ఇంకా నయం. ఢిల్లీలో ఇమిగ్రేషన్, బ్యాగు తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ సెక్యూరిటీ ఉంటాయి కాబట్టి మధ్యలో మూడు గంటలైనా ఉండాలి.

ట్రెకింగ్ కర్రలు చెకిన్ బ్యాగులో వేయండి. మిగిలిన గ్యాస్ డబ్బా ఎందులోనూ పెట్టనివ్వరు, అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లకి తిరుగు విమానానికి ఆధార్ పనికిరాదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి.