సొంత ట్యూన్లను మ్యూజిక్ లైబ్రరీల్లో పెట్టి అమ్మడం ఎలా? ధర ఎంత పెట్టాలి?

మిర్యాలగూడలో మా ఇంటి వెనకాలే రైస్ మిల్లు. సీజన్‌లో అది ఆగేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. నా రికార్డింగ్ అప్పుడే మొదలవుతుంది. కొన్నేళ్ల కింద అలా రాత్రుళ్లు కూర్చుని ఒక ఫంక్షన్ హాల్ ప్రకటన కోసం 40 సెకన్ల ట్యూన్ చేసిచ్చాను. 3,000 రూపాయలు చేతిలో పెట్టారు, సంతోషపడ్డాను. కాగితం రాసుకోలేదు. ఆరు నెలల తర్వాత వేరే ఊరి బస్టాండులో నిలబడి ఉంటే నా ట్యూనే వినిపించింది, ఇంకెవరిదో దుకాణం ప్రకటనలో. వెళ్లి అడిగితే "పైసలిచ్చి తీసుకున్నదే కదా" అన్నారు. నేను అమ్మింది ట్యూనా, దాన్ని ఒకచోట వాడుకునే అనుమతా అన్నది ఆ రోజు దాకా నేనే తేల్చుకోలేదు.

లైసెన్సింగ్ అంటే ఆ అనుమతే. పొలం మనదే, కౌలుకు ఇస్తున్నాం. ఎన్నాళ్లకు, ఏ పంటకు, ఎంతకు అన్నది ముందే చెప్పుకుంటాం. మ్యూజిక్ లైబ్రరీ మన ట్యూన్లను ఒకచోట పెట్టి ప్రకటనలు, డాక్యుమెంటరీలు, యూట్యూబ్ వీడియోలు తీసేవాళ్లకు ఆ అనుమతులు అమ్మిపెడుతుంది, అందులో తన వాటా తీసుకుంటుంది. 'రాయల్టీ ఫ్రీ' అన్న మాట చూసి చాలామంది ఉచితం అనుకుంటారు. కొన్నవాళ్లు ఒకసారి డబ్బు కట్టి, ఆ లైసెన్సు హద్దుల్లో ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు అని మాత్రమే దానర్థం.

1. ట్యూన్ నిజంగా మీదేనా?

ఒక ట్రాక్‌లో రెండు హక్కులు ఉంటాయి: స్వరకల్పన మీద ఒకటి, ఆ రికార్డింగ్ మీద ఇంకొకటి. లైబ్రరీకి రెండూ మీ చేతిలో ఉండాలి. మన చట్టంలో స్వరకల్పన హక్కు కంపోజర్ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్‌కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తరాలుగా పాడుకుంటున్న బతుకమ్మ వరస ఎవరి సొంతమూ కాదు, మీరు కొత్తగా కూర్చి వాడుకోవచ్చు. కానీ జానపదం అని మనం పిలిచే పాటల్లో చాలావాటికి రాసినవాళ్లున్నారు, కొందరు ఇవాళ్టికీ మన మధ్యే ఉన్నారు. ఉద్యమాల్లో, సభల్లో పాడిన పాటల విషయంలో ఇది మరీ ఎక్కువ. రాసినవారు ఎవరో వెతక్కుండా 'సంప్రదాయ బాణీ' అని ఎక్కించకండి. యూట్యూబ్‌లో దొరికిన జాతర వీడియోలోంచి శబ్దం కోసి పెట్టుకోవడం కూడా వద్దు. ఆ రికార్డింగ్ తీసినవాళ్లది.

2. వాయించినవాళ్లతో కాగితం రాసుకోండి

మన ప్రాంతపు బలం ఇక్కడే ఉందని నా నమ్మకం. పియానో మీద నాలుగు కార్డ్స్ కొట్టిన ట్రాకులు లైబ్రరీల్లో లక్షల్లో ఉన్నాయి. మన ఊరి డప్పు దరువు, పాలమూరు కిన్నెర (తీగల వాయిద్యం) అలా కాదు. 12 మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ వాయిద్యం పేరు కూడా వినని తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. బయటి దేశాల ఎడిటర్ల సంగతి చెప్పేదేముంది?

డప్పు రికార్డు చేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మంట మీద కాచాకే తోలు బిగుసుకుని గట్టిగా మోగుతుంది. నాలుగైదు టేకులయ్యేసరికి చల్లబడి స్థాయి దిగిపోతుంది. మొదటి టేకును, ఏడో టేకును కలిపి అతికిస్తే తేడా చెవికి తెలిసిపోతుంది. అందుకే బయట గడ్డిమంట సిద్ధంగా ఉంచి, ప్రతి టేకుకూ కాచి వాయించమని అడుగుతాను. సిర్ర (లావు కర్ర) దెబ్బకు, సిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బకు వేర్వేరు మైకులు పెట్టగలిగితే మిక్సింగ్‌లో చాలా పని తప్పుతుంది.

రికార్డింగ్ అయిన రోజే తెలుగులో ఒక పేజీ రాసుకోండి. ఏ ట్రాక్, ఎంత ఇచ్చారు, ఎక్కడెక్కడ అమ్ముతారు, అమ్ముడుపోతే వారి వాటా ఎంత అన్నవి అందులో ఉండాలి. చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. వాయించిన కళాకారుడికి చట్టంలో ప్రదర్శన హక్కు ఉంది, అది 50 ఏళ్లు ఉంటుంది. కాగితం లేకుండా ఆ ట్రాక్ అమ్మితే రేపు మీకూ చిక్కే, కొన్నవాళ్లకూ చిక్కే. అన్నిటికంటే ముందు ఇది న్యాయం కాదు. డప్పు వాయించేవాళ్లకు పెళ్లికో చావుకో కూలి లెక్కన ఇచ్చి పంపించేయడం మనకు అలవాటైపోయింది. ట్రాక్ పదేళ్లు సంపాదిస్తే వాళ్లకూ పదేళ్లు అందాలి. ఆ రోజు పైసలు వేరుగా ఇచ్చి, ఖర్చు తిరిగొచ్చాక వచ్చేదాంట్లో నాలుగో వంతు నేను వాళ్లకు రాస్తాను.

3. ఎలాంటి లైబ్రరీ?

పాండ్5 లాంటి మార్కెట్లలో ధర మనమే పెట్టుకోవచ్చు (దాన్ని 2022లో షట్టర్‌స్టాక్ కొనుక్కుంది). స్వీడన్‌కు చెందిన ఎపిడెమిక్ సౌండ్ లాంటివి చందా పద్ధతిలో నడుస్తాయి, అక్కడ ట్రాక్‌కు విడిగా ధర పెట్టే పని మనకు ఉండదు. మూడోరకం టీవీకి, సినిమాలకు సంగీతం ఇచ్చే ప్రొడక్షన్ లైబ్రరీలు. ఇవి ఎక్కువగా ఎక్స్‌క్లూజివ్‌గానే తీసుకుంటాయి, అంటే ఆ ట్రాక్‌ను మనం ఇంకెక్కడా అమ్మకూడదు. ఆదాయం ప్రసార రాయల్టీల్లో ఉంటుంది కాబట్టి ఆలస్యంగా వస్తుంది.

కొత్తవాళ్లు మొదట నాన్ ఎక్స్‌క్లూజివ్ మార్కెట్‌తో మొదలుపెట్టడమే మంచిదంటాను. ఏది కొంటున్నారో, ఏది కొనట్లేదో అక్కడ తెలుస్తుంది.

4. ఒప్పందంలో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి

ఎక్స్‌క్లూజివా కాదా, ఎన్నేళ్లు, ఏ దేశాల్లో, ముగించుకోవాలంటే ఎలా. భారత కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. స్థానికంగా చేసుకునే ఒప్పందాల్లో ఇది మనకు పెద్ద అండ. విదేశీ లైబ్రరీల ఒప్పందాలు సాధారణంగా ఆ దేశపు చట్టం కిందికి వస్తాయి, వాటిలో రాసిందే రాత. 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే పెన్ను పక్కన పెట్టి ఒక రాత్రి ఆలోచించుకోండి.

కంటెంట్ ఐడీ (మన ట్యూన్ ఎవరి వీడియోలో ఉన్నా యూట్యూబ్ తానే పసిగట్టే ఏర్పాటు) విషయంలో నేను గట్టిగా దెబ్బతిన్నాను. ఒక ట్రాక్‌ను డిస్ట్రిబ్యూటర్ (పాటలను వినే యాప్‌లకు చేర్చే సంస్థ) ద్వారా స్పాటిఫైకి పంపుతూ యూట్యూబ్ కంటెంట్ ఐడీ గడిలో టిక్ పెట్టేశాను. అదే ట్రాక్‌ను లైబ్రరీలో డబ్బు పెట్టి కొన్నవాళ్ల వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. వాళ్లు డబ్బు వెనక్కి తీసుకున్నారు, లైబ్రరీ నుంచి హెచ్చరిక వచ్చింది, వారం రోజులు ఒకటే టెన్షన్. లైబ్రరీలో అమ్మే ట్రాక్‌కు ఆ గడి ఖాళీగా వదిలేయండి.

5. ఫైళ్లు, పేర్లు

వావ్ ఫైల్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. పూర్తి ట్రాక్‌తోపాటు 60, 30, 15 సెకన్ల ముక్కలు, పాట ఉంటే గొంతు లేని మిక్స్ కూడా పెట్టండి. ముగింపు మెల్లగా తగ్గిపోకుండా తెగ్గొట్టినట్టు ఉంటే ఎడిటర్లకు సులువు. కీవర్డ్‌లలో 'డప్పు'తోపాటు ఇండియన్ డ్రమ్స్, విలేజ్, ఫెస్టివల్, ప్రొసెషన్ లాంటివి ఇంగ్లిష్‌లో ఇవ్వాలి, కొనేవాళ్లు వెతికేది ఆ మాటలతోనే. కానీ వివరణలో వాయిద్యం అసలు పేరు, ప్రాంతం తప్పకుండా రాయండి. ఎక్కువమంది చూస్తారని డప్పుకు 'ట్రైబల్' అని పేరు పెట్టడం నాకు నచ్చదు.

6. ఇక ధర

తక్కువ పెడితే ఎక్కువ అమ్ముడుపోతుందన్న ఆలోచన ఇక్కడ పనిచేయదు. ప్రకటన తీసేవాళ్లకు 10 డాలర్లకు, 40 డాలర్లకు తేడా పెద్దది కాదు. సరైన ట్రాక్ త్వరగా దొరకడమే వాళ్లకు ముఖ్యం.

లెక్క వేసి చూద్దాం. ధర 40 డాలర్లు అనుకోండి, లైబ్రరీ సగం తీసుకుంటుంది అనుకోండి. మీకు 20. కొన్నది అమెరికాలోనివారైతే అక్కడి పన్ను పడుతుంది. డబ్ల్యూ-8బెన్ ఫారం (అమెరికా బయటివాళ్లు అక్కడి పన్ను కోసం ఇచ్చేది) పాన్ నంబర్‌తో నింపితే భారత్-అమెరికా ఒప్పందం ప్రకారం 15 శాతం, నింపకపోతే 30. అంటే నింపినవారికి 17 డాలర్లు మిగులుతాయి. డాలర్‌ను 85 రూపాయలుగా తీసుకుంటే 1,445 రూపాయలు. రికార్డింగ్‌కు 6,000 ఖర్చయితే ఐదు అమ్మకాల్లో తిరిగొస్తుంది. అదే ట్రాక్‌ను 10 డాలర్లకు పెడితే మిగిలేది 361 రూపాయలు, ఖర్చు తేరడానికే 17 అమ్మకాలు కావాలి. రెండు నిమిషాల ట్రాక్‌కు 30 నుంచి 60 డాలర్ల మధ్య మొదలుపెట్టమని నా సలహా. అసలు వాయిద్యాలు వాయించిన ట్రాక్‌ను ఆ పైఅంచునే ఉంచండి. అమెరికాలో కోసిన పన్నుకు ఇక్కడి రిటర్నులో క్రెడిట్ అడగొచ్చు, మీ సీఏకు ఆ కాగితాలు ఇవ్వండి.

నల్లగొండ గడియారం సెంటర్‌లో దుకాణం ఉన్న ఆసామి నేరుగా అడిగితే ధర వేరుగా కట్టాలి. ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు, ఎంత ప్రాంతంలో, ఇంకెవరికీ ఇవ్వొద్దా అని నాలుగూ అడగండి. జిల్లా వరకు, సోషల్ మీడియాలో మాత్రమే, ఏడాదికి అయితే నేను 5,000 చెబుతాను. టీవీ కూడా అంటే రెండింతలు, రాష్ట్రమంతా అంటే మళ్లీ రెండింతలు. పూర్తిగా రాసివ్వమంటే పదింతలకు తక్కువ ఒప్పుకోను. బేరమాడితే ధర తగ్గించే బదులు కాలం తగ్గించండి.

7. ప్రసార రాయల్టీ

టీవీలో, రేడియోలో మన సంగీతం వినిపించినప్పుడు వచ్చే రాయల్టీ వేరే దారిలో వస్తుంది. కంపోజర్లు, గీత రచయితల కోసం 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ)లో సభ్యత్వం తీసుకుని ట్రాకులు నమోదు చేసుకోండి. చందా లైబ్రరీల్లో కొన్నిటికి ఈ సభ్యత్వంతో పొసగదు, చేరేముందే అడిగి తెలుసుకోండి.

8. ఖాతా పుస్తకం

ట్రాక్ పేరు, ఏ లైబ్రరీ, ఎక్స్‌క్లూజివా, వాయించినవాళ్ల వాటా, ఒప్పందం ముగిసే తేదీ. ఈ ఐదు గడులతో ఒక షీట్ చాలు. మూడు నెలలకోసారి కూర్చుని వాటాలు లెక్కకట్టి పంపండి, 200 రూపాయలైనా సరే పంపండి. ముగింపు తేదీకి నాలుగు నెలల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కొన్ని ఒప్పందాలు మనం మెయిల్ పెట్టకపోతే వాటంతటవే మరికొన్నేళ్లు కొనసాగిపోతాయి.