రేగెన్స్‌బర్గ్‌లో దంపతులు రెండు రాత్రులు గడిపి రావడం ఎలా?

ఉద్యోగాలకో చదువులకో జర్మనీ వచ్చి మ్యూనిక్, న్యూరెంబర్గ్ పరిసరాల్లో కాపురం పెట్టిన మన తెలుగు జంటలు చాలామంది, శని ఆదివారాలు ఖాళీ దొరికితే చాలు, మూడు ఊళ్ళను ఒక్క చుట్టులో చూసి రావాలని బయలుదేరుతారు. రైళ్ళు మారడంతోనే సగం రోజు గడిచిపోతుంది, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే తీరిక దొరకదు. అందుకే ఒకే ఊరు, రెండు రాత్రులు అని ముందే నిశ్చయించుకోవాలి. ఆ ఊరు డాన్యూబ్ ఒడ్డున ఉన్న రేగెన్స్‌బర్గ్ కావడం అన్ని విధాలా మేలు. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్దగా దెబ్బతినకుండా మిగిలిన దాని పాత పట్టణాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పట్టణమంతా నడిచే తిరగవచ్చు కనుక బస్సుల కోసం ఎదురుచూసే అవసరం ఉండదు.

1. టికెట్టు, బస

మ్యూనిక్ నుంచి ప్రాంతీయ రైలులో సుమారు గంటన్నర ప్రయాణం. ఇద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా ప్రాంతీయ రైళ్ళలో చెల్లే నెలవారీ టికెట్) ఉంటే వేరే ఖర్చు లేదు. అది ఎవరిది వారికే చెల్లుతుంది కనుక, ఒక్కరికే ఉన్నట్లయితే రెండో వారికి బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో ఒక రోజు చెల్లే టికెట్) కొని, దానిపై పేరు రాయాలి. బయర్న్ టికెట్ పని దినాల్లో ఉదయం 9 గంటల తరువాతే చెల్లుతుంది. న్యూరెంబర్గ్ నుంచి వచ్చేవారు ఈ రెండు టికెట్లలో దేనితోనూ ఐసీఈ అనే వేగ రైలు ఎక్కకూడదు. బస పాత పట్టణంలోనే తీసుకోవాలి. ఊరి బయట చవకగా దొరికే గది ఈ ప్రయాణానికి పనికిరాదు. ఆ గదిని ఎంచుకున్నవారు సాయంత్రం పూట, ఊరు అన్నిటికన్నా అందంగా ఉండే వేళకు, బస్సు పట్టుకుని వెళ్ళిపోవలసి వస్తుంది. ఇద్దరికీ చెరొక వీపు సంచి చాలు. రాళ్ళు పరచిన వీధుల్లో చక్రాల పెట్టె లాగడం కష్టం.

2. శుక్రవారం సాయంత్రం

సంచులు గదిలో పెట్టి నేరుగా రాతి వంతెన మీదికి వెళ్ళాలి. 1135లో మొదలై 1146 నాటికి పూర్తయిన ఈ వంతెన మీదికి ఇప్పుడు కార్లను రానివ్వరు. నడిమికి వచ్చేసరికి, ఎత్తైన చోట కూర్చుని కంటికి చేయి అడ్డుపెట్టుకుని కథీడ్రల్ వైపు చూస్తున్న చిన్న రాతి మనిషి బొమ్మ కనిపిస్తుంది. అక్కడ కాసేపు ఆగి, అవతలి ఒడ్డున ఉన్న ష్టాట్‌ఆమ్‌హోఫ్ దాకా నడిచి వెనక్కి రావాలి. ఆ రాత్రికి ఇంకేమీ పెట్టుకోకూడదు.

3. శనివారం

పాత పురభవనంలో 1663 నుంచి 1806 వరకు పవిత్ర రోమన్ సామ్రాజ్య సభ నిరంతరంగా కొలువు తీరింది. ఆ సభా మందిరాన్ని గైడ్ వెంట తప్ప చూడనివ్వరు కనుక ఉదయమే వెళ్ళి టికెట్లు తీసుకోవాలి. తనకు రావలసిన జీతం బాకీ అడగడానికి 1630లో ఈ ఊరు వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ జబ్బుపడి ఇక్కడే కన్నుమూశాడు, ఆ ఇల్లు దగ్గరలోనే ఉంది. మధ్యాహ్నం భోజనానికి వంతెన పక్కనే ఉన్న వుర్స్ట్‌కూహ్ల్‌కు వెళ్ళాలి. బొగ్గుల మీద కాల్చిన చిన్న సాసేజీలను పుల్లని క్యాబేజీతో, తియ్యని ఆవపిండి ముద్దతో పెడతారు. శాకాహారులు వేరే భోజనశాలకు వెళ్ళి కేజెష్పెట్స్‌లే (చీజ్ కలిపిన నూడిల్స్ వంటి వంటకం) అడగవచ్చు. చిన్న చోట్ల కార్డు తీసుకోకపోవచ్చు కనుక నోట్లు దగ్గర ఉంచుకోవాలి.

కథీడ్రల్ లోపలి భాగాన్ని తీరిగ్గా చూడవలసింది శనివారమే. నడిమి స్తంభాల్లో ఒకదానిమీద గాబ్రియేల్ దేవదూత, ఎదుటి స్తంభం మీద మరియ విగ్రహాలు ఉన్నాయి. శుభవార్త చెప్పడానికి వచ్చిన ఆ దూత పెదవులు విచ్చి హాయిగా నవ్వుతూ ఉంటాడు. ఇద్దరూ చెరొక స్తంభం దగ్గర నిలబడి, ఆ నవ్వు ఎంత దూరం సాగి ఎవరిని చేరుతున్నదో చూడాలి. పదమూడో శతాబ్దపు శిల్పి రాతిలో అంతటి సంతోషాన్ని ఎలా తెచ్చాడా అని నాకు ప్రతిసారీ ఆశ్చర్యం కలుగుతుంది.

రాత్రి 8 గంటలకు దుకాణాలు మూసేస్తారు, ఆదివారం తెరవరు. నీళ్ళు, పళ్ళు, రొట్టె ఆలోగానే కొని ఉంచుకోవాలి.

4. ఆదివారం ఉదయం

ఎక్కువమంది పాడుచేసుకునేది ఈ పూటనే. ఆలస్యంగా లేచి, గది ఖాళీ చేసి, దుకాణాలన్నీ మూసి ఉండడం చూసి, ఊరిలో ఇక ఏమీ లేదనుకుని మధ్యాహ్నానికల్లా రైలెక్కేస్తారు. నిజానికి ఈ ఊరు ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికన్నా గొప్పది ఆదివారం ఉదయం 10 గంటలకే ఉంటుంది. కథీడ్రల్‌లో జరిగే ఆరాధనలో డోమ్‌ష్పాట్సెన్ గాయక బృందం పాడుతుంది. బిషప్ వోల్ఫ్‌గాంగ్ 975లో స్థాపించిన పాఠశాల నుంచి వచ్చిన సంప్రదాయం అది. పోప్ పదహారో బెనెడిక్ట్ అన్నగారైన గేయోర్గ్ రాట్సింగర్ 1964 నుంచి 1994 దాకా ఈ బృందాన్ని నడిపించారు.

అయితే దీనికి ముందుగా తేదీ చూసుకోవాలి. ఆ గాయకులు బడి పిల్లలు కనుక సెలవుల్లో పాడరు. బవేరియాలో ఆగస్టు నుంచి సెప్టెంబరు మధ్య వరకు వేసవి సెలవులు, క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ వేరే సెలవులు ఉంటాయి. గది తీసుకున్న తరువాత ఈ సంగతి తెలుసుకుని లాభం లేదు. కథీడ్రల్ వారి సంగీత కార్యక్రమ పట్టికలో ఆ ఆదివారం బృందం పాడుతున్నదని చూసుకున్న తరువాతే మిగిలినవన్నీ బుక్ చేయాలి.

రెండోది, గది ఖాళీ చేసే వేళ. చాలా హోటళ్ళలో అది 11 గంటలకు ఉంటుంది, ఆరాధన ముగిసేసరికి అది దాటిపోతుంది. అందుచేత 9 గంటలకే ఫలహారం ముగించి, గది అప్పగించి, సంచులు రిసెప్షన్‌లో ఉంచి వెళ్ళాలి. తొమ్మిదిన్నరకు లోపల కూర్చుంటేనే ముందు వరుసల్లో చోటు దొరుకుతుంది. వేసవిలో కూడా ఆ రాతి కట్టడం లోపల చల్లగా ఉంటుంది కనుక శాలువానో కోటో తప్పనిసరి.

మూడోది, అక్కడి మర్యాద. మీరు వెళ్తున్నది కచేరీకి కాదు, ఇతరుల పూజకు. మన గుడిలో హారతి ఇస్తున్నప్పుడు ఎవరైనా ఫోటోల కోసం అటూ ఇటూ తిరిగితే మనకు ఎలా ఉంటుందో వారికీ అలాగే ఉంటుంది. ఫోన్ ఆపి సంచిలో పెట్టాలి. అందరూ లేచినప్పుడు లేవాలి, మోకరించనక్కరలేదు. ప్రసాదపు రొట్టె ఇచ్చే వేళ అది కాథలిక్కులకే కనుక ఇతరులు వరుసలో నిలబడకుండా తమ చోటనే ఉండాలి. పాట వినేశాం కదా అని మధ్యలో లేచి రాకూడదు. చప్పట్లు అసలే కొట్టకూడదు.

సెలవుల్లో తప్ప మరెప్పుడూ వెళ్ళడం కుదరనివారు ఆ ఉదయం నోయ్‌ఫార్‌ప్లాట్స్‌కు వెళ్ళాలి. 1519లో యూదులను వెళ్ళగొట్టి కూల్చివేసిన ప్రార్థనా మందిరం ఉన్న చోట, దాని నేల నక్షాను శిల్పి డానీ కరవాన్ తెల్లగా పరిచాడు, 2005లో దానిని ప్రారంభించారు. దాని అంచుల మీద ఎవరైనా కూర్చోవచ్చు.

5. మధ్యాహ్నం వాల్‌హాలా

బవేరియా రాజు మొదటి లుడ్విగ్ కట్టించి 1842లో ప్రారంభించిన ఈ స్మారక మందిరం ఊరికి తూర్పున డాన్యూబ్ పైన గుట్ట మీద, పార్థెనాన్ నమూనాలో ఉంటుంది. వేసవి నెలల్లో పడవలో, చలికాలంలో డోనౌష్టౌఫ్ దాకా బస్సులో వెళ్ళాలి. పడవ దిగిన చోటి నుంచి 350కి పైగా మెట్లు ఎక్కవలసి ఉంటుంది. దిగగానే తిరుగు పడవ వేళను రేవులోని పలక మీద చూసుకోవాలి, మెట్లు ఎక్కి దిగడానికి కనీసం గంట పెట్టుకోవాలి. ఊరు చేరాక హోటల్లో సంచులు తీసుకుని స్టేషన్‌కు నడవడానికి మరో అరగంట లెక్కవేసుకుని రైలును ఎంచుకోవాలి.