కూలెంట్ పాఠాలు – 4: సగం సగం అంటే దేంట్లో సగం?

పోయిన పాఠం చదివి కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, మార్చుకున్నవాళ్లు చాలామంది ఒకే చోట బోల్తా పడ్డారు. అందుకే థర్మోస్టాట్ పాఠం ఇంకో వారం ఆగాలి. పాత నీళ్లు దించడం, గాలి తీయడం మీకు వచ్చేసింది కాబట్టి మళ్లీ చెప్పను. ఇంజన్ వేడి మీద రేడియేటర్ క్యాప్ విప్పొద్దని కూడా మళ్లీ చెప్పాలా?

"కూలెంట్ సగం, నీళ్లు సగం" అన్నాను కదా. హన్మకొండలో కారున్న ఒకాయన చిక్కగా ఉంటేనే మంచిదనుకుని, కాన్సన్ట్రేట్‌ను, అంటే నీళ్లు కలపని చిక్కటి కూలెంట్‌ను, చుక్క నీళ్లు కలపకుండా మొత్తం పోసేశారు. జనగామ వైపు ఒక ట్రాక్టర్ ఆసామి రెడీమిక్స్ కొని, దాంట్లో మళ్లీ సగం బోరు నీళ్లు కలిపారు. మొదటాయనకు టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకింది. రెండో ఆయన క్యాప్ విప్పి చూస్తే అడుగున సున్నం పేరుకుంది, లోపల నీళ్లు ఇటుక రంగుకు తిరిగాయి.

ముందు మొదటాయన సంగతి. కూలెంట్‌లో ఉండేది ప్రధానంగా ఇథిలీన్ గ్లైకాల్. అది నీళ్లలో కలిస్తే నీటి అణువులు గడ్డగా పేర్చుకోవడానికి అడ్డుపడుతుంది, ఆవిరై పోవడాన్నీ ఆలస్యం చేస్తుంది. సగం సగం కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, 107 దాకా మరగదు. 1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచే రేడియేటర్ క్యాప్ బిగిస్తే మరిగే హద్దు 125 కూడా దాటుతుంది. అయితే గ్లైకాల్ ఒక్కటే ఉంటే మైనస్ 13కే గడ్డకడుతుంది! పైగా కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్లు తీసుకుంటే, గ్లైకాల్ 2.4 మాత్రమే తీసుకుంటుంది. అంటే ఇంజన్ నుంచి వేడిని మోసుకొచ్చేది నీళ్లే. వాటిని తీసేస్తే ముల్లు ఎగబాకక ఏం చేస్తుంది?

వరంగల్‌లో గడ్డకట్టే చలి ఎక్కడిదని అడగొచ్చు. ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి లోడుతో ఉత్తరాదికి పోయే లారీకి జనవరిలో ఆ అవసరం పడొచ్చు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఇంజన్ బ్లాకే, అంటే ఇంజన్ అసలు దిమ్మే, పగిలిపోతుంది. మనకు మాత్రం కావాల్సింది మే నెల ఎండలో మరగకుండా ఉండటం, తుప్పు పట్టకుండా ఉండటం. తుప్పును ఆపే మందులు కూడా ఆ కూలెంట్‌లోనే ఉంటాయి.

ఇక నాకు చిరాకు తెప్పించే తప్పు. రెడీమిక్స్ అంటేనే కంపెనీ వాళ్లు నీళ్లు కలిపి ఇచ్చింది. సగం సగం ఉన్నదాంట్లో మళ్లీ సగం నీళ్లు పోస్తే మిగిలేది పావు వంతు. గ్లైకాల్‌తో పాటు తుప్పు మందు కూడా సగానికి పడిపోతుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వేడికి సున్నంలా అంటుకుంటాయి. డబ్బా వెనక్కి తిప్పి చదవండి. "నీళ్లు కలపకుండా వాడాలి" అని ఉంటే అలాగే పోయాలి.

అలాగే పోసినా ఇంకో చిక్కుంది. మాన్యువల్‌లో 8 లీటర్లని ఉన్న బండిని మంచి నీళ్లతో కడిగి రేడియేటర్ ట్యాప్ విప్పారనుకోండి. బయటికి 5 లీటర్లే వస్తాయి. మిగతా 3 లీటర్ల నీళ్లు బ్లాకులోనే నిలిచి ఉంటాయి. ఇప్పుడు 5 లీటర్ల రెడీమిక్స్ పోస్తే అందులో గ్లైకాల్ రెండున్నర లీటర్లే. 8 లీటర్లకు లెక్కేస్తే 31 శాతం! అందుకే నేను రెడీమిక్స్ కొనను. కాన్సన్ట్రేట్ 4 లీటర్లు, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ 1 లీటరు పోస్తాను. లోపలున్న 3 లీటర్లతో కలిసి లెక్క సరిపోతుంది.

రంగు చూసి కూలెంట్ కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇష్టం. మాన్యువల్‌లో రాసిన రకమే ముఖ్యం. రెండు రకాలు కలిపితే తుప్పు మందు దెబ్బతింటుంది, ఒక్కోసారి జిగురులా తయారవుతుంది.

దించిన కూలెంట్‌ను తొట్టిలో వదిలి పోవద్దు. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, దూడలు నాకుతాయి. కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి పిల్లలకు అందకుండా పెట్టండి.

అభ్యాసం: కొలత గీతలున్న బకెట్ పెట్టి మీ బండి కూలెంట్ దించండి. ఎంత వచ్చిందో, మాన్యువల్‌లో ఎంతుందో రాసుకోండి. తేడా ఎంతో, అంత బ్లాకులో ఉన్నట్టు.

రెండోది జనగామ ఆసామి లెక్క. 8 లీటర్ల ట్రాక్టర్‌లో పావు వంతు కూలెంట్ ఉంది. సున్నం సంగతి పక్కన పెట్టి, మొత్తం దించకుండా కొంత తీసి, అంతే కాన్సన్ట్రేట్ పోసి సగానికి తేవాలి. ఎంత తీయాలి? 2 లీటర్లని వచ్చిందంటే, తీసిన నీళ్లతో పాటు బయటికి పోయిన కూలెంట్‌ను మీరు లెక్కేయలేదు. మళ్లీ చేయండి.