ఇండోనేషియా పల్లె లెక్కలు ఫ్లెక్సీ మీదే

ఇండోనేషియాలో చిన్న పల్లె గురించి నెట్‌లో వెతికితే అందమైన ఫొటోలే ఎక్కువ, పనికొచ్చే వివరాలు తక్కువ. చూడ్డానికో, పెట్టుబడికో వెళ్తే ముందు ‘కాంతోర్ దేసా’ అనే గ్రామ కార్యాలయం దగ్గర ఆగండి. చాలాచోట్ల బయటే ‘ఏపీబీడెస్’ అని పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది. అది ఆ ఊరి బడ్జెట్.

ఫొటో తీసి ఫోన్‌లో అనువాదం పెట్టండి. పైన ఆదాయం, కింద ఖర్చు: రోడ్డుకెంత, నీళ్లకెంత అన్నీ తెలుస్తాయి. అక్కడ చుక్కే కామా, 1.500.000.000 అంటే 150 కోట్ల రుపియా.

ఫ్లెక్సీ మీద సంవత్సరం చూడండి, పాతదైతే నమ్మొద్దు. పట్టణ వార్డుల్లో (‘కెలురాహన్’) ఈ చిట్కా పనిచేయదు, వాటికి గ్రామ బడ్జెట్ ఉండదు. భూమి సంగతి మాత్రం నోటరీనే అడగండి. విదేశీయులకు అక్కడ పూర్తి యాజమాన్య హక్కు రాదు.