వాన లేదు, సీలింగ్ తడుస్తోంది: వాలు కప్పు సమస్యలు

మా జయనగర్ ఇంటి మేడగదికి వాలు రేకుల కప్పు. దసరాకి వేడి దిగకుండా ఇన్సులేషన్‌గా గ్లాస్‌వూల్ (గాజు పీచు) పరిచి, కింద జిప్సం బోర్డు వేయించాం. సంక్రాంతికల్లా బోర్డు మీద టీ రంగు మరకలు తేలాయి. మేస్త్రి వచ్చి స్క్రూలన్నిటికీ సీలెంట్ పూసి వెళ్లాడు. పది రోజులకు మరక ఇంకా పెద్దదైంది.

వాన లేకుండా మరకలు

అది వాన నీరు కాదు. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. గదిలోని తడిగాలి లైట్ల కంతల్లోంచి పైకి వెళ్లి, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు చెమర్చినట్టు రేకు కింద చెమరుస్తుంది. ఆ చుక్కలు వాలు వెంట జారి ఎక్కడో రాలతాయి. కాబట్టి మరక ఉన్నచోటే లోపం ఉందనుకోకండి.

తెల్లవారుజామున ఒక లైటు ఊడదీసి టార్చి వేసి చూడండి. రేకంతా సన్నని చుక్కలు పరుచుకుని ఉంటే చెమ్మ. ఒకే స్క్రూ నుంచి చార దిగి ఉంటే నిజంగానే కారుతోంది. ఎండకు పగిలిన రబ్బరు వాషరు మార్చాలి.

మా ఇంట్లో అసలు దొంగ స్నానాలగది ఎగ్జాస్ట్ ఫ్యాను. దాని గొట్టాన్ని గోడ బయటికి కాకుండా కప్పు కిందికే వదిలేశారు! ముందు దాన్ని బయటికి తిప్పించాం. తడిసి అణిగిన గ్లాస్‌వూల్ తీసేశాం; వేడిని ఆపేది దానిలో చిక్కుకున్న గాలే, అణిగితే అది మిగలదు. రేకు ఆరాక, దాని అడుగున పాలిథిన్ ఫోమ్ షీట్లను సందు లేకుండా అతికించాం. లైట్ల కంతల అంచులు మూశాం. చూరు దగ్గర, కొప్పు దగ్గర గాలి ఆడే దారి వదిలి, ఎలుకలు దూరకుండా జాలీ బిగించాం.

చెన్నైలో రోజంతా ఏసీ నడిచే గదైతే కథ తిరగబడుతుంది. అక్కడ తడి బయటి గాలిలోంచి వచ్చి, చల్లబడిన బోర్డు వెనక చేరుతుంది. ఆవిరిని ఆపే పొర ఇన్సులేషన్‌కు పైవైపు ఉండాలి.

ఇన్సులేషన్ వేసినా ఉడుకు

మెరిసే రేకు కాగితాన్ని బోర్డుకు ఆనించేసి ఉంటారు. దాని మెరుపు ముఖం ముందు కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే అది వేడిని ఆపదు. కప్పు పైన తెల్లటి కూల్‌రూఫ్ పెయింటు కూడా వేయిస్తే ఏప్రిల్ మధ్యాహ్నాల్లో తేడా తెలుస్తుంది.

అతుకుల్లో చీలికలు

రేకు ఎండకు సాగుతుంది, రాత్రికి కుంచించుకుపోతుంది. బోర్డును మోసే ఫ్రేమును రేకుకే బిగిస్తే బోర్డు దానితోపాటు కదులుతుంది. ఫ్రేమును కింది ఇనుప పట్టీలకు బిగించి, అతుకులకు టేపు వేయించండి. గోడ అంచున పుట్టీ వద్దు, సాగే సీలెంట్ చాలు.

పాలిథిన్ ఫోమ్‌కు నిప్పు అంటుకుంటుంది. వేడెక్కే లైట్లు, వదులు వైరు అతుకులు దాని పక్కన ఉండకుండా బోర్డు మూయకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.